పక్కింటి పెరట్లో పర్ణశాల: వెళ్లాలా, వద్దా?

ప్రశ్న: అక్కా, మేము న్యూజెర్సీలో ఉంటాం. మా పక్కింటివాళ్లు యూదులు. రెండేళ్లుగా పలకరింపులే తప్ప రాకపోకలు లేవు. మొన్న వాళ్లు పెరట్లో కర్రలు పాతి, చుట్టూ గుడ్డ కట్టి ఒక పాక వేశారు. సుక్కోత్ పండుగ అట, ఆ పాకలోనే భోజనానికి మా ఇంటిల్లిపాదినీ పిలిచారు. మా అత్తయ్యది తెనాలి దగ్గర పల్లె, ఆరు నెలలు మాతో ఉండడానికి వచ్చారు. విషయం వినగానే "ఇది బైబిల్లో పర్ణశాలల పండుగే కదమ్మా" అని ఒకటే సంతోషం. బిర్యానీ వండి పట్టుకెళ్దాం, అక్కడే ప్రార్థన చేసి ప్రభువు గురించి నాలుగు మాటలు చెబుదాం అంటున్నారు. మా ఆయనేమో అవన్నీ ధర్మశాస్త్రంతోనే పోయాయి, మనం వెళ్లడమే తప్పు అంటున్నారు. మా తెలుగు సంఘంలో ఒక అన్న క్రైస్తవులు కూడా ఈ పండుగ చేయాల్సిందే, వచ్చే ఏడాది చర్చి ఆవరణలో వేద్దాం అంటున్నాడు. ముగ్గురి మధ్య నాకు టెన్షన్‌గా ఉంది. ఆ పండుగ వాళ్లకేమిటి, మనకేమిటి? మేము వెళ్లొచ్చా?
ఒక సోదరి, న్యూజెర్సీ

జవాబు:

వెళ్లండి చెల్లెమ్మా. మీ ఆయన్నీ, పిల్లలనీ, ముఖ్యంగా మీ అత్తయ్యనీ వెంటబెట్టుకుని వెళ్లండి. బిర్యానీ మాత్రం వద్దు. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు ఆ పాక సంగతి.

హీబ్రూలో సుక్కా అంటే ఆకులతో కప్పిన పాక. సుక్కోత్ అంటే పాకలు. మన తెలుగు బైబిలులో దాన్ని పర్ణశాల అన్నారు. ఆ మాట వినగానే తెలుగువాళ్లకి వనవాసంలో సీతారాములు ఉన్న ఆకుల ఇల్లు గుర్తొస్తుంది. ఉన్న ఇల్లు వదిలి ఆకుల కింద బతకడం అనే అర్థం ఆ ఒక్క మాటలోనే ఉంది కాబట్టి అంతకంటే మంచి మాట దొరకదని నాకనిపిస్తుంది.

ఈ పండుగ యూదుల తిష్రీ నెల 15న, పున్నమినాడు మొదలవుతుంది. మన లెక్కలో సెప్టెంబరులోనో అక్టోబరులోనో వస్తుంది. తిష్రీ 10న యోమ్ కిప్పూర్, అంటే ప్రాయశ్చిత్త దినం, రోజంతా కటిక ఉపవాసం. ఆ రాత్రి ఉపవాసం విడిచాక, ఇంకా అలసట తీరకముందే, చాలామంది బయటికి వచ్చి పాకకు మొదటి మేకు కొడతారు. మీరు చూసింది ఆ పనే అయ్యుంటుంది.

ఇప్పుడు అసలు విషయం. నిర్గమకాండం 23వ అధ్యాయంలో దీని పేరు ఫలసంగ్రహపు పండుగ. ఇశ్రాయేలు దేశంలో బార్లీ, గోధుమ కోతలు వసంతంలోనూ, ఎండలు మొదలయ్యే రోజుల్లోనూ అయిపోతాయి. పస్కా, వారముల పండుగ ఆ కోతలప్పటివి. సుక్కోత్ వచ్చేసరికి కళ్లం ఊడ్చేసి ఉంటుంది. ద్రాక్ష తొక్కడం అయిపోతుంది. అంజూరాలు, దానిమ్మలు, ఖర్జూరాలు ఇల్లు చేరతాయి, ఒలీవలు చేతికొస్తుంటాయి. ఏడాదిలో రైతు గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోగలిగే రోజులు అవే. సరిగ్గా అప్పుడు లేవీయకాండం 23 చెబుతుంది, ఇంట్లోంచి బయటికి వచ్చి ఏడు రోజులు పాకలో ఉండమని. ఐగుప్తు నుంచి వచ్చిన మీ పెద్దలు అలా ఉన్నారని మీ పిల్లలకు తెలియాలి అని.

ఇల్లు లేనివాడు పాకలో ఉంటే అది అవసరం. గాదె నిండినవాడు పాకలోకి వెళ్లడమే ఈ పండుగ. 12వ శతాబ్దంలో ఫ్రాన్సులో రష్బం అనే యూదు పండితుడు ఈ వచనానికి వ్యాఖ్య రాస్తూ ఇదే చెప్పాడు. ఇల్లు మంచి వస్తువులతో నిండినప్పుడు "ఇదంతా నా బలంతో, నా చేతులతో సంపాదించాను" అనుకోకుండా ఉండటానికే ఆ కాలంలో పెట్టారని. ద్వితీయోపదేశకాండం 8లో ఉన్న హెచ్చరిక కూడా అదే కదా.

అయితే ఆ పాకలు ఏమిటి అన్నదాని మీద యూదు గురువులే ఒక మాట మీద లేరు. రబ్బీ అకీవా, అవి నిజంగా ఎడారిలో వేసుకున్న పాకలే అన్నాడు. రబ్బీ ఎలియెజెర్, కాదు, వాళ్లను కాపాడుతూ వచ్చిన దేవుని మహిమ మేఘాలే ఆ పాకలు అన్నాడు. యూదు గురువుల చర్చల పెద్ద సంకలనమైన తల్మూదు ఇద్దరి మాటా భద్రంగా ఉంచింది. నాకు ఇది చాలా నచ్చుతుంది. పిల్లవాడు "అమ్మా, ఇదేమిటి" అని అడిగితే తల్లి రెండు జవాబులూ చెప్పొచ్చు.

పాకకు లెక్కలున్నాయి. నేల మీద పెరిగి, కోసిన వాటితోనే పైకప్పు వేయాలి: కొమ్మలు, వెదురు, మొక్కజొన్న చొప్ప. చెట్టు కింద వేస్తే చెల్లదు, ఆకాశం కిందే ఉండాలి. లోపల ఎండ కంటే నీడ ఎక్కువ ఉండాలి, కానీ రాత్రి సందుల్లోంచి నక్షత్రాలు కనబడేంత పలచగా కప్పడం ఆచారం. 20 మూరల కంటే ఎత్తు కడితే చెల్లదు. వాన వస్తే? యూదు గురువుల పాత ధర్మసూత్రాల పుస్తకం మిష్నాలో దానికీ జవాబుంది. గిన్నెలోని జావ పాడయ్యేంత వాన పడితే లేచి ఇంట్లోకి వెళ్లొచ్చు. చూడండి, వానకు కొలత పెట్టాల్సి వచ్చినప్పుడు వాళ్లు తినే గిన్నెనే కొలతగా పెట్టారు!

కొన్నేళ్ల కిందట మా అబ్బాయి దగ్గర అమెరికాలో ఉన్నప్పుడు నన్నూ ఒక ఇంట్లో ఇలాగే పిలిచారు. ఇనుప పైపులకు టార్పాలిన్ కట్టారు, పైన వెదురు చాపలు, వాటి మీద దేవదారు కొమ్మలు. పిల్లలు చేసిన రంగు కాగితాల గొలుసులు గాలికి ఊగుతున్నాయి. పప్పు సూప్ నా ముందు పెట్టిన రెండు నిమిషాలకే చల్లారిపోయింది. పైనుంచి ఒక ఆకు రాలి అందులో పడింది. నేను తీయబోతుంటే ఆ ఇంటి పెద్దావిడ నవ్వి, "పర్లేదు, పాక కూడా భోజనానికి వచ్చింది" అంది. అప్పుడు తలెత్తి చూశాను. కొమ్మల మధ్య చంద్రుడు. మా నాన్న మినప చేను కాపలాకి వేసిన మంచె గుర్తొచ్చి చాలాసేపు మాట్లాడలేకపోయాను.

భోజనం ముందు ఆవిడ భర్త ఒక పెట్టె తెచ్చి చూపించాడు. పీచులో పొదిగిన ఒక పసుపు పండు, పక్కన ఆకుల కట్ట. మీ అత్తయ్యను లేవీయకాండం 23:40 గట్టిగా చదవమనండి. దబ్బపండ్లు, ఈతమట్టలు, గొంజి చెట్ల కొమ్మలు, కాలువల దగ్గర పెరిగే నిరవంజి చెట్ల కొమ్మలు. వాటినే ఇప్పటికీ చేత్తో పట్టుకుని ఆరు దిక్కులకూ ఊపుతారు. ఆ పండు ఎత్రోగ్, మన దబ్బకాయకు చుట్టం, వాసన పెట్టె తెరవగానే గుప్పుమంటుంది. మట్ట ఇంకా విచ్చుకోని ఖర్జూరపు ఆకు. గొంజి అన్నది మిర్టిల్, నిరవంజి అన్నది విల్లో.

దీని మీద యూదుల పాత వ్యాఖ్యానం ఒకటుంది. ఎత్రోగ్‌కి రుచీ ఉంది, వాసనా ఉంది: చదువూ, మంచి పనులూ రెండూ ఉన్న మనిషి. ఖర్జూరానికి రుచే, మిర్టిల్‌కి వాసనే. విల్లోకి రెండూ లేవు. మరి రెండూ లేనివాణ్ణి ఏం చేయాలి? అందరినీ ఒకే కట్టగా కట్టండి, ఒకరి లోటు ఒకరు పూడుస్తారు అన్నాడట దేవుడు. విల్లో రెమ్మ లేకపోతే ఆ కట్ట చెల్లదు. మన సంఘాల్లో చందా ఇవ్వలేనివాణ్ణి, చదువు లేనివాణ్ణి వెనక బెంచీకి పంపే పెద్దలకు ఈ ఒక్క మాట వినిపించాలనిపిస్తుంది నాకు.

ఇంకొకటి గుర్తుంచుకోండి. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చాక యూదులు దేశదేశాలకు చెదిరిపోయారు. యూరప్‌లో చాలాచోట్ల, చాలా కాలం వాళ్లకి పొలం కొనుక్కునే హక్కే లేదు. సెంటు భూమి లేనివాళ్లు, చలిలో వణుకుతూ, తాము చూడని దేశంలో పండిన పంటకు పండుగ చేశారు. పండుగ చివర వాన కోసం చేసే ప్రార్థన కూడా ఆ దేశం వాన కోసమే. మీ పక్కింటాయన ఏ ఆఫీసులో పనిచేసేవాడైనా సరే, ఆ రోజు అడిగేది యెరూషలేము కొండల మీద పడాల్సిన వాన.

ఆ వాన దగ్గరే మన సువార్త మొదలవుతుంది చెల్లెమ్మా. ఆలయం ఉన్న రోజుల్లో ఈ పండుగలో యాజకుడు సిలోయము కోనేటికి వెళ్లి బంగారు కూజాలో నీళ్లు ముంచి తెచ్చేవాడు. బూరలు ఊదుతుండగా ఆ నీటిని బలిపీఠం దగ్గర పోసేవారు. రాత్రిళ్లు స్త్రీల ఆవరణలో ఎత్తైన దీపస్తంభాలు వెలిగించేవారు. యాజకుల పాత బట్టలు చింపి వాటికి వత్తులు చేసేవారని మిష్నా చెబుతుంది. ఆ నీళ్ల పండుగ సంబరం చూడనివాడు బతుకులో సంబరమే చూడలేదని కూడా అంటుంది.

ఇప్పుడు యోహాను 7 తెరవండి. యేసు ఆ పండుగకే వెళ్లాడు, ముందు రహస్యంగా. పండుగ చివరి మహాదినాన నిలబడి, దప్పికగొన్నవాడు నా దగ్గరికి రావచ్చు అని కేక వేశాడు. చిన్నప్పటి నుంచి ఈ వాక్యం మనకు కంఠతా వచ్చు. కానీ చుట్టూ ఉన్న జనం వారం రోజులుగా ఆ నీళ్ల ఊరేగింపు చూస్తున్నారని, ఎనిమిది తొమ్మిది అధ్యాయాల్లో "నేను లోకానికి వెలుగును" అన్న మాట ఆ పెద్ద దీపాల పండుగకి ఆనుకునే వస్తుందని, గుడ్డివాణ్ణి కడుక్కోమని పంపింది అదే సిలోయము కోనేటికని మనకు ఎవరు చెప్పారు? నాకైతే ఆదివారపు బడిలో ఎవరూ చెప్పలేదు. తెలిశాక ఆ మూడు అధ్యాయాలు మళ్లీ మొదటిసారి చదివినట్టు చదివాను.

ఇంకా ఉన్నాయి. రూపాంతర కొండ మీద పేతురు మూడు పర్ణశాలలు కడతానన్నది ఈ పాకల మాటే. యోహాను 1:14లో వాక్యం మన మధ్య "నివసించెను" అని తెలుగులో ఉన్నచోట గ్రీకులో ఉన్నది గుడారం వేసుకున్నాడు అనే క్రియ. మట్టల ఆదివారం మనం పాడే హోసన్నా 118వ కీర్తనలోని "దయచేసి రక్షించుము" అనే హీబ్రూ మాట. సుక్కోత్‌లో ఆ కీర్తన పాడుతూ, సరిగ్గా ఆ మాట దగ్గరే చేతిలోని మట్టను ఊపుతారు. మన పిల్లలు మట్టలు పట్టుకుని ఊరేగే ప్రతి ఏడూ ఈ పాత పండుగ గాలి ఒకసారి మనమీద వీస్తూనే ఉంది.

ఇక మీ ఇంట్లో మూడు మాటల సంగతి.

మీ ఆయన చెప్పినదాంట్లో సగం నిజం. ఈ పండుగ చేసి తీరాలన్న ఆజ్ఞ మన మీద లేదు. అపొస్తలుల కార్యములు 15లో యెరూషలేము పెద్దలు అన్యజనుల మీద ఆ బరువు పెట్టలేదు. పండుగ విషయంలో ఎవరినీ మీకు తీర్పు తీర్చనివ్వకండి అని కొలొస్సీ 2:16లో పౌలు రాశాడు. పస్కా మనకు ఈస్టరు దగ్గర నిలిచింది, వారముల పండుగ పెంతెకొస్తుగా నిలిచింది. ఈ మూడోదానికి మాత్రం క్రైస్తవ క్యాలెండర్లో చోటు దొరకలేదు. కానీ "పోయాయి" అన్న మాట తప్పు. మీ కిటికీలోంచి కనబడుతున్నదాన్ని పోయింది అని ఎలా అంటాం? రోమా 11:18 ఆయనకు చూపించండి: వేరు నిన్ను భరించుచున్నది గాని నీవు వేరును భరించుట లేదు.

వెళ్లడమే తప్పు అన్న మాట వెనక ఒక చేదు చరిత్ర కూడా ఉంది. క్రీ.శ. 386, 387లో అంతియొకయలో, అంటే ఇప్పటి టర్కీలో ఉన్న పాత నగరంలో, ఇదే గొడవ జరిగింది. అక్కడి క్రైస్తవులు కొందరు ఈ ఆకురాలు కాలపు పండుగలకు యూదుల సమాజమందిరాలకు వెళ్తుంటే, యోహాను క్రిసోస్తొం అనే గొప్ప ప్రసంగీకుడు వాళ్లను ఆపడానికి ప్రసంగాలు చేశాడు. ఆపడంతో ఊరుకోలేదు, యూదుల మీద చాలా ఘోరమైన మాటలు అన్నాడు. ఆ మాటలు వందల ఏళ్లపాటు యూదులను కొట్టడానికి కర్రలయ్యాయి. మీ ఆయనకు అలాంటి ద్వేషం లేదని మీ ఉత్తరం బట్టే తెలుస్తోంది. అయినా పొరుగువాడు భోజనానికి పిలిస్తే భయపడి మానేసే అలవాటు మనకెక్కడి నుంచి వచ్చిందో ఆయనకు తెలియాలి.

మీ సంఘంలోని అన్న జెకర్యా 14 చూపిస్తాడు. అన్ని జనాలూ పర్ణశాలల పండుగకు యెరూషలేముకు వస్తారని అక్కడ ఉంది, నిజమే. ఆ ఆశతోనే 1980 నుంచి ఏటా యెరూషలేములో అంతర్జాతీయంగా క్రైస్తవులు ఈ పండుగకు కూడుకుంటున్నారు. ఆ అధ్యాయాన్ని యూదులు కూడా పండుగ మొదటిరోజు సమాజమందిరంలో చదువుతారు. సంఖ్యాకాండం 29లో ఏడు రోజుల కోడెలను కూడితే 70 అవుతాయి, అవి లోకంలోని 70 జనాంగాల కోసం అని వాళ్ల గురువులు చెప్పారు. అంటే మన కోసం కూడా వాళ్లు బలి అర్పించారన్నమాట! కానీ ఆయన్ను ఒక్కటి అడగండి. వాళ్ల పాక, వాళ్ల ఎత్రోగ్, వాళ్ల ఆశీర్వాదాలు తెచ్చి మన స్టేజీ మీద పెట్టి "దీని అసలు అర్థం మాకే తెలుసు" అంటే, ఎదురింటివాళ్ల పెళ్లి ఆల్బమ్ తెచ్చి మన గోడకు తగిలించుకున్నట్టు ఉండదా? మన దగ్గర కొన్ని సంఘాలు తమ పెద్ద కూటాలకు గుడారాల పండుగ అని పేరు పెట్టుకున్నాయి, అది పేరు వరకే. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను బెనె ఎఫ్రాయిము అని చెప్పుకునే కొన్ని తెలుగు కుటుంబాలు యూదులుగానే బతుకుతున్నాయి, వాళ్ల దారి వేరు. మీ సంఘానికి నా సలహా వేరే. పిల్లలకు పాఠం చెప్పడానికి పందిరి వేయండి, యోహాను 7 దాని కింద కూర్చుని చదవండి. యూదుల ప్రార్థనలు మాత్రం వాళ్లకే వదిలేయండి. నిజంగా ఏదైనా తెచ్చుకోవాలంటే ద్వితీయోపదేశకాండం 16:14 తెచ్చుకోండి. ఈ పండుగ సంతోషంలో కొడుకు, కూతురు, దాసుడు, దాసి, లేవీయుడు, పరదేశి, తల్లిదండ్రులు లేనివాడు, విధవరాలు, అందరూ ఉండాలి. వచ్చే కోతపండుగకు ఆ పట్టీలోంచి ఎవరిని పిలుస్తారో ముందు తేల్చుకోండి.

మీ అత్తయ్య. ఆమె సంతోషాన్ని చల్లార్చకండి, దయచేసి. అయితే పిలిచినవారి పాకలో కూర్చుని వాళ్ల మతం మార్చుకోమనడం అతిథి ధర్మం కాదు. ఆ మాట ఆ ప్రజలకు శతాబ్దాలుగా ఎన్ని బలవంతాలను గుర్తు చేస్తుందో ఆమెకు మెల్లగా చెప్పండి. వాళ్లు అడిగితే తన విశ్వాసం గురించి దాచకుండా చెప్పమనండి, అడగకపోతే వద్దు. బదులుగా ఆమెకు ఒక పని అప్పజెప్పండి. వాళ్ల ఊళ్లో కోతపండుగ ఎలా జరిగేదో ఆ ఇంటివాళ్లకు చెప్పమనండి. చర్చి మెట్ల మీద కొత్త బియ్యం బస్తా, గుమ్మడికాయలు, చెరకు గడలు, కాళ్లు కట్టిన నాటుకోడి, ఆరాధన అయ్యాక వేలంపాటలో ఒక కొబ్బరికాయ కోసం ఇద్దరు పెద్దరైతుల పట్టుదల. మీరు ఇంగ్లీషులో చెప్పండి. పంట ఇంటికొచ్చినప్పుడు దేవుడి దగ్గరికి పరుగెత్తడం ఆ బల్ల దగ్గర కూర్చున్న అందరికీ అర్థమవుతుంది.

ఇక బిర్యానీ. వాళ్లు కోషెర్, అంటే యూదుల ఆహార నియమాలు, పాటించేవాళ్లయితే, చాలామటుకు అయ్యే ఉంటారు, మన వంటింట్లో వండింది తినలేరు. మాంసమే కాదు, మన గిన్నెలో చేసిన సేమ్యా పాయసం కూడా. ఇది మనల్ని తక్కువ చేయడం కాదు, అత్తయ్యకు ముందే చెప్పండి. కోయని పండ్లు తీసుకెళ్లండి, లేదా పూలు. వైన్ వద్దు. ఏ రోజు పిలిచారో మీరు రాయలేదు. అమెరికాలో మొదటి రెండు రోజులూ, మధ్యలో వచ్చే శనివారమూ వాళ్లకు పని చేయని రోజులు. అలాంటి రోజైతే పూలూ పండ్లూ ముందురోజే ఇచ్చి రండి. బెల్ కొట్టకుండా తలుపు తట్టండి, ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్లండి, ఫొటోలు తీయకండి. మధ్య రోజుల్లో అయితే ఇంత పట్టింపు ఉండదు, అయినా ఫొటోకి ముందు అడగండి. భోజనం ముందు చేతులు కడుక్కుని, రొట్టె విరిచేదాకా వాళ్లు మాట్లాడరు. ఏదో కోపం వచ్చిందని కంగారుపడకండి. ఆశీర్వాదం చదివేటప్పుడు ఊరికే నిశ్శబ్దంగా ఉంటే చాలు, చివర్లో ఆమేన్ అంటే సంతోషిస్తారు. ఎత్రోగ్ చూపిస్తే జాగ్రత్త, చివర ఉండే చిన్న మొన విరిగితే అది పండుగకు పనికిరాకుండా పోవచ్చు. పిల్లల చేతికి ఇవ్వకండి. అత్తయ్య వాసన చూస్తానంటే అడిగి చూడమనండి.

అక్టోబరు రాత్రి న్యూజెర్సీ పెరట్లో చలి బాగానే ఉంటుంది. ఆమెకు శాలువా, సాక్సులు మర్చిపోకండి.